ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్: ఎక్స్‌పెక్ట్ చేసింది ఎవరు?

(హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక ఆదివారం ఉదయం, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నవాళ్లూ నేర్చుకుంటున్నవాళ్లూ కలిసినప్పుడు ఒక సీనియర్ టెస్టర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. మాట తడబడిన చోట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నేను ఈ అమీర్‌పేటకి 2003లో వచ్చాను. మైత్రీవనం పక్క సందులో మూడో అంతస్తు, ఒకే గది, కుర్చీకి కుర్చీ ఆనుకుని కూర్చునేవాళ్లం. మాన్యువల్ టెస్టింగ్ ఆ గదిలోనే నేర్చుకున్నాను. టూల్స్ అంటే అప్పట్లో విన్‌రన్నర్, లోడ్‌రన్నర్. ఇప్పుడు మీ చేతిలో సెలీనియం ఉంది, ప్లేరైట్ ఉంది. టూల్స్ ఎన్ని మారినా మారనిది ఒకటుంది, టెస్ట్ కేస్ రాసే పట్టిక. స్టెప్, ఇన్‌పుట్, ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్, యాక్చువల్ రిజల్ట్, పాస్ లేదా ఫెయిల్. ఇరవై ఏళ్లకు పైగా ఆ పట్టికతోనే నా బతుకు గడిచింది. ఈరోజు ఆ పట్టికలో ఒక్క గడి గురించే మాట్లాడతాను, ప్రోగ్రామ్ నుంచి ఏం రావాలో ముందే రాసుకునే గడి. ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్. సరే, ఎక్స్‌పెక్ట్ చేసింది ఎవరు? రిక్వైర్‌మెంట్ రాసినాయనా? డిజైన్ గీసినావిడా? డెవలపరా? మీరా? రేపు ఆ ఫోను చేతిలో పట్టుకునే మనిషా?

ఒక్కసారి చేతులెత్తండి. మీరు వేసిన బగ్, అంటే లోపం మీద పంపిన రిపోర్టు, ఎప్పుడైనా ‘వర్క్స్ యాజ్ డిజైన్డ్’ అని, అనుకున్నట్టే పనిచేస్తోందని, క్లోజ్ అయి తిరిగొచ్చిందా? చూశారా, దాదాపు అందరూ. దించండి. ఆ మూడు మాటల వెనక ఏముందో చెప్పడానికి నా సొంత అనుభవంతో మొదలుపెడతాను.

మా మేనత్త సరూర్‌నగర్‌లో ఉంటుంది. నల్లగొండ దగ్గర ఊరు, పెళ్లయి నగరానికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. తెలుగు చక్కగా చదువుతుంది, ఇంగ్లీషు కూడబలుక్కుంటుంది. లెక్కల్లో చాలా గట్టిది, కూరగాయల బండి దగ్గర ఆమెని ఎవరూ మోసం చెయ్యలేరు. ఒకరోజు వాళ్లింటికి వెళ్తే, ఫోన్‌లో కరెంటు బిల్లు కడుతూ కూర్చుంది. ఆ యాప్ మేం టెస్ట్ చేసిందే. కంపెనీ పేరు చెప్పను, అవసరం లేదు. నాకు లోపల సంబరంగా ఉంది, మా యాప్ మా అత్త వాడుతోందని. పక్కన కూర్చుని చూస్తున్నాను.

బిల్లు నంబరు కొట్టింది. అంకె అంకె కలుపుకుని పాత రసీదుతో సరిచూసుకుంది. ఓటీపీ వచ్చింది. మెసేజ్ తెరిచింది. ఆ ఆరంకెలు గుర్తుంటాయో లేదోనని గోడకున్న క్యాలెండర్ అంచున పెన్నుతో రాసుకుంది. రాసింది ఇంకోసారి చదువుకుంది. మళ్లీ యాప్‌లోకి వచ్చింది. ‘సెషన్ ఎక్స్‌పైర్డ్, ప్లీజ్ లాగిన్ అగైన్.’ అది కూడా ఇంగ్లీషులో. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే. మూడోసారి కూడా అదే వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేసి నాతో ఏమందో తెలుసా? “బిడ్డా, ఇది నన్ను ఉరికిస్తున్నదే” అంది.

ఉరికిస్తున్నది. పరిగెత్తిస్తోంది. ఆ మాట నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. ఎందుకంటే ఆ టెస్ట్ కేస్ నాదే. ‘120 సెకన్లు ఏ కదలికా లేకపోతే సెషన్ ముగియాలి.’ స్టాప్‌వాచ్ చేత్తో పట్టుకుని చూశాను నేను. 119 దగ్గర ఉంది, 120 దగ్గర ముగిసింది. స్క్రీన్‌షాట్ జతచేసి పాస్ అని రాశాను. అందులో తప్పేమైనా ఉందా? పట్టిక ప్రకారం లేదు. కానీ మా మేనత్త దగ్గర కదలిక లేదని ఎవరు చెప్పారు? ఆమె చదువుతోంది. రాస్తోంది. సరిచూసుకుంటోంది. డబ్బు విషయంలో ప్రతి మనిషీ చేయాల్సిన జాగ్రత్తే ఆమె చేస్తోంది. తెర మీద వేలు పడకపోతే మనిషి లేనట్టేనని ఆ ప్రోగ్రామ్ అనుకుంది, నేనూ అనుకున్నాను.

సోమవారం వెళ్లి బగ్ వేశాను. మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. వర్క్స్ యాజ్ డిజైన్డ్, క్లోజ్డ్. సెక్యూరిటీ టీమ్ వాళ్లు ఒక మాట కూడా జోడించారు, టైమౌట్ లేకపోతే ఫోన్ ఎక్కడైనా మరిచిపోతే ప్రమాదమని. అది న్యాయమైన మాటే. నేను కాదనను. టైమౌట్ తీసెయ్యమని నేనడగలేదు. ఈ కథ చివర్లో మళ్లీ చెప్తాను. ముందు ఇంకో సంగతి.

ఎనిమిది సెకన్లు

థెరాక్-25 గురించి మీలో ఎంతమందికి తెలుసు? టెస్టింగ్ చదివినవాళ్లు పేరైనా విని ఉంటారు. క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం. కెనడాలో తయారైంది. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి అది విపరీతమైన మోతాదు ఇచ్చింది. ప్రాణాలు పోయాయి. క్లాసులో మనకి దాన్ని ఎలా చెప్తారు? రేస్ కండిషన్ అని, అంటే రెండు పనుల్లో ఏది ముందు జరిగిందన్నదాన్నిబట్టి ఫలితం మారిపోవడమని. కోడ్‌లో లోపమని. నిజమే, లోపం కోడ్‌లోనే ఉంది. కానీ అది టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదో వినండి, మన పనికి సంబంధించింది అదే.

టెక్సస్‌లో టైలర్ అనే ఊరు, 1986. ఆపరేటర్‌గా ఉన్నావిడకి ఆ యంత్రం మీద బాగా చెయ్యి తిరిగింది. ఒక అక్షరం పొరపాటున కొట్టింది. ఎక్స్‌రే అని పడింది, కావలసింది ఎలక్ట్రాన్. వెంటనే బాణం మీట నొక్కి పైకి వెళ్లి, దిద్ది, మళ్లీ కిందికి వచ్చేసింది. ఇదంతా క్షణాల్లో. లోపల యంత్రంలో అయస్కాంతాలు సర్దుకోవడానికి దాదాపు ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలోపు ఆవిడ చేసిన దిద్దుబాటు యంత్రానికి ఎక్కలేదు. తెర మీద అన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయి. మీట నొక్కింది. ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చింది. అంటే ఏంటి? ఆమెకిచ్చిన మాన్యువల్‌లో ఆ అంకెకి వివరణ లేదు. అలాంటి సందేశాలు రోజూ వచ్చేవి, ‘పీ’ అని నొక్కితే ముందుకు సాగిపోయేది. అలవాటు ప్రకారం పీ నొక్కింది. లోపలున్న రోగికి రెండోసారి కూడా దెబ్బ తగిలింది. ఆయన కొన్ని నెలలకి చనిపోయాడు.

ఆ తర్వాత ఆ ఆసుపత్రిలో ఫిజిసిస్టూ ఆ ఆపరేటరూ కలిసి కూర్చుని, మళ్లీ మళ్లీ అదే వరస టైపు చేసి, చివరికి ఆ మాల్‌ఫంక్షన్‌ని రప్పించగలిగారు. తయారుచేసిన కంపెనీ ఇంజినీర్ ప్రయత్నిస్తే మాత్రం రాలేదు. ఎందుకు రాలేదు? ఆయన నెమ్మదిగా టైపు చేశాడు! వేగంగా చెయ్యాలని వీళ్లు చెప్పాక వచ్చింది.

మా మేనత్తని పక్కన పెట్టి చూడండి. అక్కడ వాడే మనిషి మనకన్నా వేగం. ఇక్కడ వాడే మనిషి మనకన్నా నెమ్మది. రెండు చోట్లా టెస్ట్ చేసినవాళ్లు తమ చేతి వేగంతోనే టెస్ట్ చేశారు. మీ టెస్ట్ కేసుల్లో స్టెప్ ఒకటి, స్టెప్ రెండు అని రాస్తారు కదా, ఒకటికీ రెండుకీ మధ్య ఎంతసేపు అని ఎప్పుడైనా రాశారా? ఎవరి చెయ్యి అని రాశారా? ఏ వెలుతురులో, ఏ ఫోన్‌లో, పక్కన ఎవరు పిలుస్తుండగా అని రాశారా?

యూజర్ ఎక్స్‌పీరియన్స్ అనగానే రంగులూ బొమ్మలూ గుర్తొస్తాయి మనవాళ్లకి. అది డిజైన్ వాళ్ల గొడవ, మనం ఫంక్షనాలిటీ, అంటే చెప్పిన పని చేస్తోందా లేదా అన్నది, చూసుకుందాం అంటారు. ఆ ఆపరేటర్ ముందున్న తెరలో రంగుల సమస్యేమీ లేదు. తెర అబద్ధం చెప్పింది. అర్థం కాని అంకె చూపించింది. ప్రమాదాన్నీ రోజువారీ చిరాకునీ ఒకే రూపంలో చూపించింది. ఇవి క్వాలిటీ లోపాలు కాదా? వీటిని పట్టుకోవడం ఎవరి పని?

ఇంకోటి క్లుప్తంగా చెప్తాను. 2020 ఆగస్టు, సిటీబ్యాంక్. ఒక కంపెనీ తీసుకున్న అప్పు మీద వడ్డీ, సుమారు 78 లక్షల డాలర్లు పంపాలి. సాఫ్ట్‌వేర్‌లో అప్పు తాలూకు అసలు, అంటే ప్రిన్సిపల్, బయటికి పోకుండా బ్యాంకు లోపలి ఖాతాకే మళ్లించాలంటే మూడు గళ్లలో టిక్ పెట్టాలి. ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్. వాళ్లు ప్రిన్సిపల్ ఒక్కదానికే పెట్టారు. పేరు చూస్తే మీరైనా నేనైనా అదే చేస్తాం. ఒకరు నమోదు చేశారు, ఇంకొకరు సరిచూశారు, మూడో మనిషి ఆమోదించాడు. ముగ్గురికీ సరిగ్గానే ఉన్నట్టు కనిపించింది. దాదాపు 90 కోట్ల డాలర్ల బ్యాంకు సొంత డబ్బు బయటికి వెళ్లిపోయింది. ఆ డబ్బు అందిన అప్పిచ్చినవాళ్లలో కొంతమంది తిరిగిచ్చారు, కొంతమంది ఇవ్వం అన్నారు, కోర్టుకి వెళ్లింది. 2021లో బ్యాంకు ఓడిపోయింది, 2022లో పైకోర్టులో గెలిచింది. ఆ ప్రోగ్రామ్ మన పట్టికతో చూస్తే పాస్. మూడు టిక్కులు పెడితే లోపలికి, పెట్టకపోతే బయటికి. రాసుకున్న ప్రకారమే పనిచేసింది.

ఇప్పుడు మీలో కొంతమంది అనుకుంటూ ఉంటారు, మేడమ్ ఇదంతా అభిప్రాయాల సంగతి, ఒకరికి తేలిక ఇంకొకరికి కష్టం, దీన్ని టెస్ట్ ఎలా చేస్తాం అని. మంచి ప్రశ్న. మా మేనేజర్లు ఇరవై ఏళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్న కూడా.

ఐఎస్ఓ 9126 అనే ప్రమాణం 1991లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ నాణ్యత అంటే ఏంటో చెప్పే ప్రమాణం. అందులో ఆరు లక్షణాలు ఉంటే ఒకటి యూజబిలిటీ. అంటే వాడుకోగలగడం. ఇది నిన్నా మొన్నా కొత్తగా వచ్చి చేరింది కాదు, మొదట్నుంచీ ఫంక్షనాలిటీ పక్కనే సమానంగా కూర్చుని ఉంది. 2011లో దాని స్థానంలో 25010 వచ్చింది, అందులోనూ ఉంది. 2023లో దాన్ని సవరించినప్పుడు పేరు మార్చి ఇంటరాక్షన్ కేపబిలిటీ అన్నారు, సేఫ్టీని విడిగా చేర్చారు. ఇంకా ముఖ్యమైంది ఐఎస్ఓ 9241లో పదకొండో భాగం. యూజబిలిటీని అది మూడింటితో కొలుస్తుంది. అనుకున్న పని పూర్తయిందా? ఎంత సమయం, ఎంత శ్రమ పట్టింది? మనిషికి తృప్తిగా ఉందా? దానికి ముందు ఒక షరతు పెడుతుంది, ఫలానా మనుషులు, ఫలానా పని, ఫలానా పరిస్థితి అని ముందే చెప్పాలి. ‘యాప్ వాడటం తేలిక’ అనే వాక్యానికి అర్థమే లేదన్నమాట. ‘తెలుగు మాత్రమే చదివే అరవై దాటిన మనిషి, మొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా, ఐదు నిమిషాల్లో బిల్లు కట్టగలగాలి.’ ఇది టెస్ట్ చెయ్యగలిగిన వాక్యం. దీనికి పాస్ ఉంది, ఫెయిల్ ఉంది. దీన్ని రిక్వైర్‌మెంట్‌లో రాయించండి. రాసి లేకపోతే, రాసిలేదని రివ్యూలోనే అడగండి. కోడ్ రాశాక అడిగితే ‘ఎన్‌హాన్స్‌మెంట్’ అంటారు, తర్వాతి రిలీజ్‌కి తోసేస్తారు. ఆ తర్వాతి రిలీజ్ ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు.

రద్దు చేయడాన్ని రద్దు చేయాలా?

ఇక మన భాష సంగతి. ఇది నాకు చాలా దగ్గరి విషయం, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లని కూలగొట్టింది. జ్ఞానంలో ‘జ్ఞా’. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం, ఆ తర్వాత దీర్ఘం. ఈ వరసలో ఒక మెసేజ్ వస్తే దాన్ని చూపించబోయిన యాప్ ఆగిపోయేది. తెరిస్తే మళ్లీ ఆగిపోయేది. ఐఓఎస్ 11.2.6 వచ్చాక, ఫిబ్రవరి 19న, సర్దుకుంది. అంత పెద్ద కంపెనీలో టెస్టర్లు లేరా? ఉన్నారు. ఆ అక్షరం రాసే మనిషి వాళ్ల ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్‌లో లేడు. మరి హైదరాబాద్‌లో కూర్చున్న మన టెస్ట్ డేటాలో ఉన్నాడా? మీ టెస్ట్ డేటా ఫైల్ తెరిచి చూడండి. జాన్ డో, టెస్ట్ యూజర్ 1, ఏబీసీ, ఎక్స్‌వైజెడ్. తెలుగు పేరు ఒక్కటైనా ఉందా?

‘స్త్రీ’ అని రాయండి. చూడ్డానికి ఎన్ని అక్షరాలు? ఒకటి. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికీ ఒక్కో అంకె ఇచ్చే పద్ధతిలో, ఎన్ని? స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆరు. వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. ఇప్పుడు మీ ఫారమ్‌లో పేరు గడికి ఇరవై అక్షరాల హద్దు పెట్టారనుకోండి. లెక్కపెడుతున్నది కంటికి కనిపించే అక్షరాలనా, యూనికోడ్ లెక్కలోని కోడ్ పాయింట్లనా, బైట్లనా? బైట్లైతే స్త్రీ తర్వాత ఇంకో మాటకి చోటే లేదు. మధ్యలో తెగితే అక్షరం విరిగిపోయి పొల్లు వేలాడుతూ మిగులుతుంది. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఎంత పోతుంది? వెతుకులో ‘స్త్రీ’ అని కొడితే దొరుకుతుందా? ఎస్ఎంఎస్ చూడండి, ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు, తెలుగులో 70 మాత్రమే. ఆ డెబ్బైలో ఓటీపీ అంకెలు ఎక్కడ పెట్టారు? చివర పెడితే మెసేజ్ రెండు ముక్కలైనప్పుడు అంకెలు రెండో ముక్కలోకి పోతాయి. మా మేనత్త మొదటి ముక్క చదివి నంబరు ఎక్కడ అని వెతుక్కుంటుంది.

పేర్ల సంగతి మీ అందరికీ అనుభవమే. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఫారమ్ అడిగేది ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. చాలామందికి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకే అక్షరం, ‘కె’ అనో ‘పి’ అనో ఉంటుంది. ఆ గడి ‘కనీసం రెండు అక్షరాలు ఉండాలి’ అంటుంది. అప్పుడు ఆ పిల్లో పిల్లాడో ఏం చేస్తారు? ‘కెకె’ అని కొడతారు. ముందుకు వెళ్లిపోతారు. ఆరు నెలల తర్వాత పేరు సరిపోలలేదని ఇంకో ఆఫీసులో కాగితం వెనక్కి వస్తుంది. వాలిడేషన్ టెస్ట్ కేస్ మాత్రం పాస్.

అనువాదం గురించి. ఒక యాప్‌లో చూశాను. బుక్ చేసిన టికెట్ వద్దనుకుని రద్దు మీద నొక్కితే ఒక పెట్టె వచ్చింది. ‘రద్దు చేయాలా?’ కింద రెండు బటన్లు. ఒకటి ‘సరే’, ఇంకోటి ‘రద్దు’. ఏది నొక్కాలి? చెప్పండి! మీరు ఇంజినీర్లు, కాబట్టి ఇంగ్లీషులో ఓకే, క్యాన్సిల్ అని ఊహించుకుని ‘సరే’ నొక్కుతారు. నా పక్కన నిలబడ్డాయన రద్దు చెయ్యాలనుకున్నాడు కాబట్టి ‘రద్దు’ నొక్కాడు. పెట్టె మాయమైంది. పని అయిపోయిందనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. టికెట్ అలాగే ఉంది, డబ్బు పోయింది. ‘అవును, టికెట్ వద్దు’, ‘లేదు, టికెట్ ఉంచండి’ అని రాస్తే సరిపోయేది కదా! అనువాదం ఫైల్‌లో ఒక్కో మాటా విడివిడిగా చూస్తే అన్నీ సరైనవే. తెర మీద కలిపి చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆ చూడటం టెస్టర్ పని. లోకలైజేషన్ టెస్టింగ్ అంటే తెలుగు ఫాంట్ కనిపిస్తోందా లేదా అని చూసి టిక్ పెట్టడంతో అయిపోదు.

కంటిచూపు లేనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా టీమ్‌లో కొన్నాళ్లు చూపులేని సహోద్యోగి ఒకాయన పనిచేశారు. ఆయన ఆండ్రాయిడ్‌లో, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి మా యాప్ నాకు వినిపించారు. ‘అన్‌లేబుల్డ్, బటన్. అన్‌లేబుల్డ్, బటన్. అన్‌లేబుల్డ్, బటన్.’ ఏది డబ్బు పంపేది, ఏది వెనక్కి వెళ్లేది? డెవలపర్ ఒక్కో బటన్‌కి ఒక్కో మాట రాస్తే అయిపోయే పని. మేం నాలుగు రిలీజ్‌లు పాస్ చేశాం అలాగే. ఆ రోజు నుంచి నా ప్రతి రిలీజ్‌లో ఒక గంట కళ్లు మూసుకుని టాక్‌బ్యాక్‌తో నడిపిస్తాను. మీరూ ఇవాళ సాయంత్రమే చేసి చూడండి.

ఇది ఇప్పుడు మన దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన విషయం కూడా కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. యాసిడ్ దాడికి గురైనవాళ్లూ చూపులేనివాళ్లూ వేసిన కేసులవి. బ్యాంకు ఖాతాకో సిమ్‌కో ఫోన్‌లో కేవైసీ చేసేటప్పుడు కళ్లు ఆర్పమంటుంది చూడండి, బతికున్న మనిషేనా అని తెలుసుకోవడానికి. యాసిడ్ దాడిలో రెప్పలు పోయినవాళ్లు ఎలా ఆర్పుతారు? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది, ఇరవై ఆదేశాలిచ్చింది. నేనొకటే అడుగుతాను. ‘కళ్లు ఆర్పితే ముందుకు వెళ్లాలి’ అన్న టెస్ట్ కేస్ ఎవరో ఒక టెస్టర్ రాశారు కదా, పాస్ చేశారు కదా. ‘ఆర్పలేకపోతే?’ అనే నెగటివ్ టెస్ట్ కేస్ కూడా రాశారేమో. అందులో ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్ ఏమని రాసి ఉంటారు? ‘యూజర్‌ని తిరస్కరించాలి.’ ఆ గడిలో ఏం రాస్తున్నామో ఆలోచించండి. మనం అక్కడ ఒక మనిషిని తిరస్కరిస్తున్నాం.

ఐదుగురు

ఆటోమేషన్, అంటే టెస్టుల్ని ప్రోగ్రామే నడిపించడం, ఉందిగా అంటారా? ఉంది, ఉండాలి. రిగ్రెషన్, అంటే ప్రతి మార్పు తర్వాత పాతవి మళ్లీ చూడటం, అంతా మనుషులు చేస్తూ కూర్చోనక్కర్లేదు. కానీ సెలీనియం బటన్‌ని ఎలా వెతుకుతుంది? ఐడీతోనో ఎక్స్‌పాత్‌తోనో, అంటే కోడ్‌లో దానికున్న పేరుతోనో చోటుతోనో. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలున్నా దానికి కనిపిస్తుంది, నొక్కుతుంది, పాస్ అంటుంది. మే నెల మధ్యాహ్నం కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర ఎండలో ఆటో ఆపుకుని చూస్తున్న డ్రైవర్ అన్నకి కనిపిస్తుందా? వికలాంగులతో సహా అందరూ వెబ్‌ని వాడుకోగలిగేలా చెయ్యడానికి డబ్ల్యూసీఏజీ అనే మార్గదర్శకాలున్నాయి, అందులో మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ఉంది. 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లో, కొన్ని మినహాయింపులతో, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లకి 24 పిక్సెళ్లు ఉండాలని చేర్చారు. ఇవి కొలవచ్చు, టూల్‌తో కొలవచ్చు. టూల్ కొలవలేనివి మనుషులతో చూడాలి.

ఎంతమంది మనుషులు? మా మేనేజర్ వెయ్యిమందితో సర్వే అన్నాడు, బడ్జెట్ లేదని ఆయనే మానేశాడు. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పాడు, ఐదుగురు చాలు అని. తాను చూసిన ప్రాజెక్టుల్లో ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం సమస్యలు బయటపడ్డాయని, ఆ లెక్కన ఐదుగురితో దాదాపు 85 శాతం తెలుస్తాయని. సమస్యలన్నీ ఒకే రకంగా ఉండవు కాబట్టి ఆ లెక్క మీద వాదనలున్నాయి. నేను దాన్ని ఇలా వాడతాను. ఐదుగురితో చూడు, సరిదిద్దు, ఇంకో ఐదుగురితో చూడు. ఒకే రకం మనుషులు ఐదుగురు వద్దు. మీ పక్క సీటు వాళ్లు అసలే వద్దు, వాళ్లకి దారి ముందే తెలుసు.

కూర్చోబెట్టాక ఏం చెయ్యాలి? నోరు మూసుకోవాలి. ఇది అన్నిటికన్నా కష్టం. ఆ పెద్దాయన తప్పు బటన్ మీదికి వేలు తీసుకెళ్తుంటే ‘అది కాదు సార్’ అని మన నోటిదాకా వస్తుంది. అనకూడదు. ఆ వేలు ఎటు పోతోందో అదే మీ యాక్చువల్ రిజల్ట్. పని మాత్రమే చెప్పండి, ‘ఈ నెల బిల్లు కట్టండి’ అని. ‘పే బిల్ మీద నొక్కండి’ అనొద్దు, అలా అంటే జవాబు చెప్పేసినట్టే. మనసులో అనుకుంటున్నది పైకి అనమని అడగండి. మొదలుపెట్టే ముందు ఒక మాట తప్పకుండా చెప్పండి, “మిమ్మల్ని పరీక్షించడం లేదు, ఈ యాప్‌ని పరీక్షిస్తున్నాం” అని. మనవాళ్లు పెద్దవాళ్లైనా సరే, పని కాకపోతే ‘నాకే రాదమ్మా, చదువుకోలేదు కదా’ అంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధేస్తుంది. తప్పు మనది, క్షమాపణ వాళ్లది.

చూసింది చూసినట్టు బగ్‌లో రాయండి. ‘యూఐ బాగాలేదు’ అని రాస్తే క్లోజ్ అవుతుంది, క్లోజ్ అవ్వాలి కూడా. ఎవరు, ఏ పని మీద, ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, ఏమన్నారు, చివరికి పని అయిందా లేదా. సివియారిటీ, అంటే లోపం ఎంత తీవ్రమైందో రాసే గడి, దగ్గర వెనకాడొద్దు. యాప్ క్రాష్ అయితే మా మేనత్త బిల్లు కట్టలేదు, సెషన్ మూడుసార్లు పోయినా కట్టలేదు. ఆమె వైపు నుంచి చూస్తే రెండిటికీ తేడా ఏముంది? మొదటిది క్రిటికల్, రెండోది లో అని మనం ఎలా రాస్తాం?

సరే, ఆ కథ ఎక్కడ ఆపాను? క్లోజ్ అయిన బగ్ దగ్గర. నేను మా అపార్ట్‌మెంట్‌లో, మా అత్త వాళ్ల కాలనీలో, అడిగి ఒప్పుకున్న ఐదుగురు పెద్దవాళ్లతో కూర్చున్నాను. ఓటీపీ తెర మీద ఎంతసేపు ఉంటున్నారో గడియారం పెట్టి చూశాను. నలుగురు రెండు నిమిషాలు దాటారు. ఏం చేస్తూ దాటారో కూడా రాశాను. కళ్లజోడు వెతుక్కున్నారు, మెసేజ్ చదివారు, కాగితం మీద రాసుకున్నారు, మనవణ్ణి పిలిచారు. దాంతోపాటు డబ్ల్యూసీఏజీలో టైమ్ హద్దుల గురించి ఉన్న నియమం జతచేశాను. గడువు ముగిసేముందు హెచ్చరించాలి, తేలికైన ఒక్క పనితో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. అది ఆ నియమం ఒప్పుకునే దారుల్లో ఒకటి. సెక్యూరిటీకీ అడ్డం కాదు, మనిషి లేకపోతే ఎలాగూ ముగుస్తుంది. బగ్ రీఓపెన్ చేశాను. ఈసారి మీటింగ్ పెట్టారు. ఆ డెవలపర్ కుర్రాడు నా నోట్స్ చదివి, “మా అమ్మమ్మ కూడా ఇలాగే రాసుకుంటుంది మేడమ్” అన్నాడు. అతనే సరిచేశాడు. తెర మీద తెలుగులో ఒక ప్రశ్న వస్తుంది, ‘ఇంకా చదువుతున్నారా?’ అని. కింద పెద్ద బటన్ ఒక్కటే, ‘చదువుతున్నాను’.

రిలీజ్ అయ్యాక ఆదివారం సరూర్‌నగర్ వెళ్లాను. అత్త మళ్లీ క్యాలెండర్ దగ్గర నిలబడి అంకెలు రాసుకుంటోంది. వచ్చి కూర్చుంది. ప్రశ్న కనిపించింది. కళ్లజోడు సర్దుకుని పైకి చదివింది. “ఆఁ, చదువుతున్న” అని ముందు ఫోన్‌కి జవాబు చెప్పింది. ఆ తర్వాత బటన్ నొక్కింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఆ చివర కూర్చున్న అమ్మాయి ఇందాకట్నుంచీ చెయ్యెత్తి ఉంది, మైక్ అటు ఇవ్వండి.